షోటో వంశవృక్షంతో నా ఎనిమిది నెలలు

మా నాన్న రాసిపెట్టిన వంశవృక్షం ఒక పాత నోటుపుస్తకంలో ఉంది. ఏడు తరాలు. పైన మూలపురుషుడు, ఆయన కింద కొడుకులు, వాళ్ళ కింద వాళ్ళ కొడుకులు. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. నాన్న పోయాక తెనాలి నుంచి వస్తూ దాన్ని నాతో తెచ్చుకున్నాను. ఒక శనివారం కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. రెండో పేరు కొట్టగానే సాఫ్ట్‌వేర్ తల్లి పేరు అడిగింది. పుస్తకంలో లేదు. మూడో పేరుకీ లేదు. మా నానమ్మ పేరు తప్ప మిగతా ఆరు తరాల్లో ఒక్క ఆడపేరూ లేదని ఆ రోజు మొదటిసారి గమనించాను. ఆ పుస్తకాన్ని చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్నే.

నేనుండేది అమెరికాలో, మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్‌లో. ఇక్కడి గ్రంథాలయంలో సాయంత్రాలు వంశచరిత్ర ఎలా వెతకాలో నేర్పే తరగతులు జరుగుతుంటాయి. అందులో చేరాను. నేర్పే ఆవిడ బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నారు. నా నోటుపుస్తకం చూపిస్తే శ్రద్ధగా తిరగేశారు. కాగితాలు లేని చోట మొదలుపెడితే నిరాశే మిగులుతుంది, ముందు కాగితాలు దండిగా ఉన్న ఒక కుటుంబం మీద పని నేర్చుకో, తర్వాత నీ ఇంటికి వెళ్దువుగాని అన్నారు. ఏ కుటుంబం అని అడిగితే, రోజూ ఏ రోడ్డు మీద ఆఫీసుకి వెళ్తావు అని ఎదురడిగారు.

షోటో ఎవెన్యూ.

ఈ ఊళ్ళో ఉండే మన తెలుగువాళ్ళందరం ఆ పేరు ఏదో ఒక రోజు జీపీఎస్ నోట విన్నవాళ్ళమే. లక్లేడ్, గ్రాషట్, పపాన్ కూడా వీధుల పేర్లే. ఈ నాలుగూ ఒకే కుటుంబం పేర్లని నాకప్పటికి తెలియదు. పన్నెండేళ్ళుగా ఒక ఇంటి నట్టింట్లోంచి కారు తోలుకుపోతున్నట్టే అనిపించింది.

కథ పైపైన ఇలా ఉంటుంది. పియర్ లక్లేడ్ 1729 నవంబరులో ఫ్రాన్సులో, పిరనీస్ కొండల్లోని బెదూస్ అనే ఊళ్ళో పుట్టాడు. 1755లో న్యూ ఆర్లియన్స్ చేరాడు. అక్కడ మక్సాన్ అనే పెద్ద వర్తకుడికి మిస్సోరి నది మీది తెగలతో వ్యాపారం చేసుకోవడానికి గవర్నరు ప్రత్యేక హక్కు ఇస్తే, లక్లేడ్ అందులో చిన్న వాటాదారు. 1763 ఆగస్టులో పడవల్లో సరుకెక్కించుకుని మిస్సిసిపీ నదికి ఎదురు బయలుదేరాడు. తుపాకులు, దుప్పట్లు, పూసలు, కత్తులు ఇచ్చి బీవర్ తోళ్ళు, జింక తోళ్ళు తీసుకోవడం వ్యాపారం. నాణేలు కరువైన చోట జింక తోళ్ళే డబ్బు. ఆ చలికాలం తూర్పు గట్టున ఉన్న ఫ్రెంచివాళ్ళ కోట ఫోర్ట్ డి షార్ట్ర్‌లో గడిపి, పడమటి గట్టు మీద వరదకందని మెట్ట చూసుకుని, 1764 ఫిబ్రవరిలో ముప్పై మందిని చెట్లు కొట్టడానికి పంపాడు. వాళ్ళ మీద పెత్తనం ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఇచ్చాడు. వాడి పేరు ఒగస్ట్ షోటో. వాళ్ళు వేసిన ఊరే సెయింట్ లూయిస్.

అప్పటికే తూర్పు గట్టు ఇంగ్లీషువాళ్ళకూ, పడమటి గట్టు స్పెయిన్‌కూ పోయింది. అయినా ఊళ్ళో మాట ఫ్రెంచే, కాగితాలు ఫ్రెంచే, గుడి కాథలిక్ గుడే. వంశం వెతికేవాళ్ళకి ఇది పెద్ద వరం. ఎందుకో తర్వాత చెప్తాను.

మొదటి నెల నేను చేసిందంతా తప్పే. ఇంటర్నెట్‌లో ఎవరెవరో పెట్టిన షోటో వంశవృక్షాలు వందల్లో ఉన్నాయి. అవి చూసి రెండు వారాల్లో నా చార్టు నింపేశాను. లక్లేడ్, ఆయన భార్య మరీ తెరేజ్, వాళ్ళ పెళ్ళి తేదీ, పిల్లలు. పంతులమ్మగారికి చూపించాను. ఆవిడ పెన్సిల్ తీసుకుని పెళ్ళి తేదీ పక్కన చిన్న సున్నా చుట్టి, ఏ రిజిస్టరు, ఏ పుట అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అలాంటి పెళ్ళే జరగలేదు. ఎవరో ఒకరు ఊహించి రాసింది ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పాకుతూ నా దాకా వచ్చింది. ఆ సాయంత్రమే చార్టు మొత్తం చెరిపేసి, కాగితం చూడని పేరు రాయకూడదని నియమం పెట్టుకున్నాను.

రెండో చిక్కు పేర్లది. ఒగస్ట్ షోటోలు ముగ్గురు: ఊరు వేసిన ఒగస్ట్, ఆయన కొడుకు ఒగస్ట్ అరిస్టైడ్, ఊరు వేసినాయన తమ్ముడి కొడుకు ఒగస్ట్ పియర్. పియర్ షోటోలు తండ్రీ కొడుకులిద్దరు. మరీ తెరేజ్‌లు అత్తాకోడళ్ళు, ఇద్దరూ ఊరివాళ్ళ నోట మేడమ్ షోటోలే. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఇది నాకు కొత్త కాదు. మా ఇంట్లోనే ముగ్గురు సుబ్బారావులున్నారు. అయినా వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో 1806లో చదువు ముగించిన ఒగస్ట్ పియర్‌ని తీసుకెళ్ళి పెదనాన్న కింద పెట్టేశాను. ప్రతి కాగితం మీదా ఆ మనిషికి ఆ ఏడాది ఎన్నేళ్ళు, ఏ ఊళ్ళో ఉన్నాడు, పక్కన సాక్షి సంతకం ఎవరిది అని మూడు ప్రశ్నలు వేసుకోవడం మొదలెట్టాక ఆ తికమక తగ్గింది. సాక్షులు చాలా పనికొస్తారు. పెళ్ళికీ, జ్ఞానస్నానానికీ, ఆస్తి పత్రానికీ సంతకం పెట్టడానికి వచ్చేది ఎప్పుడూ అయినవాళ్ళే.

అసలు ముడి మరీ తెరేజ్ దగ్గర పడింది.

ఆవిడ పుట్టింటి పేరు బూర్జువా. మనకి వేరే అర్థంలో తెలిసిన ఆ మాట అక్కడ మామూలు ఇంటిపేరు. 1733లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టింది. పదిహేనేళ్ళకి, 1748లో, రెనే షోటో అనే రొట్టెల వ్యాపారికిచ్చి పెళ్ళి చేశారు. మరుసటి ఏడాది ఒగస్ట్ పుట్టాడు. కొంతకాలానికి రెనే భార్యనీ బిడ్డనీ వదిలేసి ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. లక్లేడ్ ఊళ్ళోకి వచ్చిన తర్వాత ఆమె అతనితో కాపురం పెట్టింది. 1758లో పియర్, 1760లో పెలజీ, 1762లో మరీ లూయిజ్, 1764లో విక్తువార్ పుట్టారు.

ఇప్పుడు రిజిస్టర్లు చూస్తే, నలుగురికీ తండ్రి రెనే షోటో.

మైక్రోఫిల్మ్ మీద ఆ వరస చూసినప్పుడు చాలాసేపు యంత్రం చక్రం తిప్పలేకపోయాను. రాసినవాడు అబద్ధం రాయలేదు. ఆ చట్టంలో విడాకులు లేవు. పెళ్ళైన స్త్రీకి పుట్టిన బిడ్డ భర్త బిడ్డే. ఫాదరీ చట్టం చెప్పిన మాట రాశాడు. అలా రాయకపోతే పిల్లలు అక్రమ సంతానమై ఆస్తికీ పరువుకీ దూరమయ్యేవాళ్ళు. లక్లేడ్ తన పిల్లలకి తన పేరు ఇవ్వలేకపోయాడు. ఇవ్వకపోవడమే వాళ్ళకి రక్ష. 1768లో ఆయన రాసిన దానపత్రంలో ఇల్లూ వాకిలీ ఈ అయిదుగురు పిల్లలకీ రాసిస్తాడు. అందులోనూ వాళ్ళు రెనే షోటోకీ మరీ తెరేజ్ బూర్జువాకీ పుట్టిన పిల్లలే. కన్నతండ్రి తన చేత్తో పిల్లల పక్కన ఇంకొకడి పేరు రాయించి సంతకం పెట్టాడు. ఆ సంతకం చుట్టూ నాకు ఎన్ని రాత్రులు గడిచాయో.

ఇంతలో రెనే న్యూ ఆర్లియన్స్‌కి తిరిగొచ్చాడు. భార్యని తన దగ్గరికి పంపించమని అర్జీ పెట్టుకున్నాడు. 1774లో స్పెయిన్ గవర్నరు పంపించమని సెయింట్ లూయిస్‌కి రాశాడు. ఇక్కడి అధికారి ఆ ఉత్తరువుని అమలు చెయ్యలేదు. 1776లో రెనే చనిపోయాడు. ఇక అడ్డు లేదు, పెళ్ళి చేసుకోవచ్చు. చేసుకోలేదు. లక్లేడ్ అప్పటికి మక్సాన్‌కి పీకలదాకా బాకీ పడ్డాడు. ఆవిడ చట్టప్రకారం భార్య అయితే ఆవిడ కూడబెట్టుకున్నదీ ఆ అప్పుల్లో కలిసిపోయేది. అందుకే చేసుకోలేదని నా నమ్మకం. వ్యాపారం నడిపే ఇంట్లో ఆడవాళ్ళకి లెక్క బాగా తెలుస్తుంది. 1778లో న్యూ ఆర్లియన్స్ నుంచి వస్తూ ఆర్కన్సా నది కలిసేచోట లక్లేడ్ చనిపోయాడు. సమాధి ఎక్కడో ఆనవాలు లేదు. 1789లో ఆయన ఇంటిని కొన్నది ఒగస్టే.

మరి రిజిస్టరు ఒకటి చెప్తుంటే, నిజం ఇంకొకటని ఏ ఆధారంతో అనగలం? వారసుల్లో కొందరు ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఒప్పుకోలేదు. అమ్మమ్మకి మచ్చ వస్తుందని బాధ. నాకు ఆ బాధ అర్థమవుతుంది. అయితే ఈ పనిలో ఒక్క కాగితం మీద ఆధారపడరు, చుట్టూ ఉన్నవన్నీ పేర్చి చూస్తారు. ఒగస్ట్‌కీ పియర్‌కీ మధ్య తొమ్మిదేళ్ళ ఎడం. ఆ ఎడంలో రెనే ఊళ్ళో లేడు. లక్లేడ్ వచ్చాకే మళ్ళీ పిల్లలు మొదలయ్యారు. దానపత్రం ఉంది.

వీటన్నిటికంటే నన్ను కదిలించిన ఆధారం ఒక పేరు. లక్లేడ్ సంతకం పెట్టేటప్పుడు పక్కన లిగెస్ట్ అని కలిపి రాసేవాడు. ఒక రాత్రి పియర్ షోటో పిల్లల జాబితా వరసగా ఎక్కిస్తున్నాను. ఒగస్ట్ పియర్, 1786. పియర్, 1789. 1792లో పుట్టిన తర్వాతి కొడుకు దగ్గర చెయ్యి ఆగిపోయింది. పోల్ లిగెస్ట్ షోటో. రెనే షోటోకి ఆ పేరుతో ఏ సంబంధమూ లేదు. చట్టం తండ్రి పేరు చెప్పుకోనివ్వలేదు, అందుకని పియర్ ఆ పేరుని కొడుక్కి పెట్టుకున్నాడు. ఇంట్లో రోజుకి పదిసార్లు ఆ పేరుతో పిలిచి ఉంటారు. తాత పేరు మనవడికి పెట్టడం అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? కన్నీళ్ళొచ్చాయి నాకు. మా ఆయన్ని నిద్రలేపి మరీ చూపించాను.

ఇందాక వరం అన్నాను కదా, అది ఆడవాళ్ళ పేర్ల సంగతి. ఫ్రెంచ్ కాగితాల్లో పెళ్ళైనా, ముసలైనా, పోయినా స్త్రీకి పుట్టింటి పేరే రాస్తారు. మరీ తెరేజ్ చివరి దాకా బూర్జువానే. పారిస్ ఆచార చట్టం ప్రకారం కూతుళ్ళకీ కొడుకులతో సమానంగా వాటా. పెళ్ళికి ముందు ఒప్పందం రాసుకుంటారు, ఎవరు పోయినా ఇంట్లో వస్తువులన్నీ లెక్కపెట్టి జాబితా రాస్తారు. 1766 నుంచి 1804 దాకా ఉన్న ఆ దస్తావేజులు మిస్సోరి హిస్టారికల్ సొసైటీ దగ్గర ఉన్నాయి. కట్టలు కట్టలుగా ఆడవాళ్ళ పేర్లు. 1804లో ఈ ప్రాంతం అమెరికా చేతికొచ్చి ఆ జెండా ఎగిరాక ఈ ఆచారం మెల్లగా పోయింది. అమ్మాయి మిసెస్ ఫలానా అయిపోతుంది, పుట్టింటి పేరు మాయమవుతుంది. తరం తరానికీ తల్లి వైపు గీత పలచబడటం చార్టు మీద కళ్ళకి కనిపిస్తుంది. 1780 నాటి అవ్వని పట్టుకోవడం తేలిక, 1850 నాటి మనవరాలిని పట్టుకోవడం కష్టం. నేను దీన్ని అస్సలు ఊహించలేదు.

సరిగ్గా అప్పుడే చార్టులో ఇంకో వింత. సాఫ్ట్‌వేర్ ఎర్రరంగులో హెచ్చరిక చూపిస్తోంది, ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించావని. తప్పెక్కడుందా అని గంట వెతికాను. తప్పు లేదు. ఒగస్ట్ పియర్ 1809లో సోఫీ లబాడీని పెళ్ళి చేసుకున్నాడు. సోఫీ ఎవరంటే పెలజీ కూతురు, అంటే మేనత్త కూతురు. తమ్ముడు పియర్ 1813లో ఎమిలీ గ్రాషట్‌ని చేసుకున్నాడు. ఎమిలీ విక్తువార్ కూతురు. ఆవిడా మేనత్త కూతురే. అన్నదమ్ములిద్దరికీ మేనరికాలు! తరగతిలో తోటివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మా వైపు ఇది పుట్టినప్పుడే అనుకునే సంబంధం అని నేను చెప్పాను. మా అమ్మానాన్నలదీ మేనరికమే అన్నాను. పంతులమ్మగారు సంతోషపడి, అయితే ఈ కుటుంబం ఎందుకలా చేసిందో నువ్వే చెప్పు అన్నారు. తెలిసిందే కదా. మరీ తెరేజ్ అల్లుళ్ళు లబాడీ, పపాన్, గ్రాషట్ ముగ్గురూ వర్తకులే. పెట్టుబడి, పరపతి, నది మీద పడవలు, తెగలతో మాటా మంచీ అన్నీ ఒక ఇంట్లో ఉన్నాయి. పిల్లని బయటికిస్తే వాటా బయటికి పోతుంది. పొలం గట్టు కలుస్తుందని మేనరికం చేసుకోవడం మా డెల్టాలో ఎవరికి తెలియదు? ఆ గట్టి కుటుంబ బలంతోనే ఎమిలీని చేసుకున్న పియర్ తర్వాత తోళ్ళ వ్యాపారం చేసే అమెరికన్ ఫర్ కంపెనీ పడమటి విభాగాన్ని చేజిక్కించుకున్నాడు. సౌత్ డకోటా రాజధాని పియర్ పేరు అతనిదే. కాథలిక్ గుడిలో దగ్గరి చుట్టరికపు పెళ్ళికి ప్రత్యేక అనుమతి కావాలి. ఆ అనుమతి కాగితంలో ఇద్దరికీ ఉమ్మడి తాతముత్తాతలు ఎవరో రాయాలి కాబట్టి, మేనరికం వల్ల వెతికేవాళ్ళకి మేలే జరుగుతుంది.

షోటోల సంపదలో పెద్ద భాగం ఒసేజ్ తెగతో వ్యాపారం. 1794లో ఆరేళ్ళ పాటు ఆ వ్యాపారం ఒగస్ట్ ఒక్కడికే చెందేలా స్పెయిన్ గవర్నరు కరోండెలే రాసిచ్చాడు. తమ్ముడు పియర్ ఏళ్ళ తరబడి ఒసేజ్ ఊళ్ళలోనే ఉన్నాడు. 1804లో అమెరికా ప్రభుత్వం అతన్నే ఆ తెగకి ఏజెంటుగా పెట్టింది. అతని కొడుకు ఒగస్ట్ పియర్ ఇప్పటి ఒక్లహోమాలో సెలైనా దగ్గర కొట్టు పెట్టి, సెయింట్ లూయిస్‌లో సోఫీ ఉండగానే అక్కడ ఒసేజ్ స్త్రీలతో కాపురాలు చేశాడు. ఆ పిల్లలు ఇక్కడి గుడి రిజిస్టర్లలో వెతికితే దొరకరు. వాళ్ళ గీత పట్టుకోవాలంటే తెగల జాబితాలకి వెళ్ళాలి. 1906 చట్టం కింద 2,229 మంది పేర్లతో వేసిన ఒసేజ్ జాబితా ఉంది. భూమిలోని చమురు ఆదాయంలో హక్కు ఎవరిదో తేల్చే జాబితా కాబట్టి చాలా జాగ్రత్తగా రాశారు. షోటో అనే పేరు ఒక్లహోమాలో ఈనాటికీ బతికే ఉంది, ఆ పేరుతో ఒక ఊరే ఉంది. షానీ తెగకి చెందిన ప్రసిద్ధ నర్తకి ఇవాన్ షోటో ఈ పియర్ వంశంలోని ఆవిడే. పరిశోధన అక్కడ ఇంకా చాలా చెయ్యాలి. నేను ఒక్లహోమా వెళ్ళలేదు, వెళ్ళాలి.

అయిదో నెలలో పంతులమ్మగారు, ఇప్పుడు ఈ ఇంట్లో ఉన్న మిగతావాళ్ళని కూడా ఎక్కించు అన్నారు. ఎవరు మిగతావాళ్ళు అన్నాను. ఆ ఇంట్లో వండినవాళ్ళు, తోళ్ళు మోసినవాళ్ళు, పిల్లల్ని పెంచినవాళ్ళు అన్నారు. షోటోలందరికీ బానిసలున్నారు. మరీ తెరేజ్‌కీ ఉన్నారు. ఆస్తి జాబితాల్లో వాళ్ళ పేర్లు నా కళ్ళ ముందే వెళ్ళిపోయాయి, కుర్చీల లెక్కకీ ఆవుల లెక్కకీ మధ్య. ఇంటిపేరు లేదు, వయసూ ధరా ఉన్నాయి. అయిదు నెలలు ఆ వరసలు దాటి నేను షోటోలనే వెతుక్కుంటూ పోయాను. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుతుంది.

అలా మార్గరీట్ దగ్గరికి వచ్చాను. ఈమె పెద్ద పియర్ షోటో దగ్గర, అంటే ఒగస్ట్ తమ్ముడి దగ్గర, బానిసగా ఉన్న మనిషి. తల్లి పేరు మరీ జాన్ సిపియోన్. అమ్మమ్మ నాచెజ్ తెగ స్త్రీ, తాత ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస. నాచెజ్‌లు ఫ్రెంచివాళ్ళ మీద తిరగబడింది 1729 నవంబరులో. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు ఆ తెగని చెల్లాచెదురు చేసి పట్టుకున్నవాళ్ళని బానిసలుగా అమ్మారు. నా కాలపట్టిక మీద తేదీలు పేర్చుకుంటుంటే చూశాను, లక్లేడ్ పుట్టింది కూడా 1729 నవంబరులోనే. ఒకే నెల, రెండు కుటుంబాల మొదలు.

బానిసత్వం తల్లి నుంచి బిడ్డకి వస్తుందని చట్టం. ఆ చట్టాన్నే మార్గరీటూ ఆమె తోబుట్టువులూ ఆయుధం చేసుకున్నారు. స్పెయిన్ గవర్నరు ఓరైలీ 1769లో ఆదివాసులని బానిసలుగా పెట్టుకోవడం నిషేధించాడు. మా అమ్మమ్మ ఆదివాసి, కాబట్టి మా అమ్మ బానిస కాదు, కాబట్టి మేమూ కాదు అని 1805లో కోర్టుకెక్కారు. మొదట ఊరట దొరికింది. తర్వాత ఓడిపోయారు. 1825లో మళ్ళీ దావా వేశారు. కేసు పేరు మార్గరీట్ వర్సెస్ షోటో. మిస్సోరి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది, వేరే కౌంటీకి మారింది. 1836 నవంబరులో జెఫర్సన్ కౌంటీ జ్యూరీ మార్గరీట్ పక్షాన తీర్పు చెప్పింది. పియర్ షోటో అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 1838లో తమ పరిధిలోకి రాదని ఆ కోర్టు అతని కేసు కొట్టేసింది. మొదలుపెట్టిన నాటి నుంచి ముప్పైమూడేళ్ళు.

ఆ సాక్ష్యాలు చదివాను. నదికి అవతలి ఊళ్ళ నుంచి ముసలివాళ్ళు వచ్చి చెప్పారు. ఆమెను మేమెరుగుదుం, జుట్టు ఇలా ఉండేది, రంగు ఇలా ఉండేది, ఫలానా తెగ మనిషని అందరూ అనుకునేవారు అని. ఒకరు అవుననీ ఒకరు కాదనీ. గుడి రిజిస్టరు ఏదీ చెప్పని వంశక్రమాన్ని ఊరివాళ్ళ జ్ఞాపకాల్లోంచి తోడి కోర్టులో కుప్ప పోశారు. నేను ముచ్చటపడి చేస్తున్న పనిని ఆమె బతుకు కోసం చేసింది. అమ్మమ్మ ఎవరో రుజువు చేస్తేనే పిల్లలు స్వతంత్రులవుతారు. సెయింట్ లూయిస్ కోర్టులో 1814 నుంచి 1860 దాకా ఇలాంటి స్వేచ్ఛా దావాలు 300కి పైగా నమోదయ్యాయి, బానిసత్వం మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన డ్రెడ్ స్కాట్‌ది అందులో ఒకటి. ఆ కాగితాల ఫొటోలు ఎవరైనా ఇంటి దగ్గర కూర్చుని ఉచితంగా చూడొచ్చు. ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు ఒక్క ఆదివారం వాటికి కేటాయించమని నా విన్నపం.

షోటోల చార్టూ సిపియోన్ల చార్టూ నేను వేరువేరుగా దాచుకోలేదు. ఒకే పెద్ద కాగితం మీద వేశాను. రెండింటికీ మొదటి గడిలో ఉన్నది ఒక స్త్రీ. ఒకావిడ బిడ్డలకి తండ్రి పేరు తప్పు రాయించి వాళ్ళని కాపాడుకుంది. రెండోవిడ ఎవరో చెప్పగలిగినందుకు మనవరాళ్ళు విడుదలయ్యారు.

ఎనిమిదో నెలలో కాల్వరీ శ్మశానానికి వెళ్ళాను. ఊరికి ఉత్తరాన ఉంటుంది. 1854లో మొదలైంది కాబట్టి 1829లో పోయిన ఒగస్ట్‌ని తర్వాత అక్కడికి మార్చారు. రాయి మీది ఫ్రెంచ్ అక్షరాలు వేలితో తడిమితేనే తెలుస్తాయి. పొద్దుటి మంచుకి తడిగా ఉంది, చేతి రుమాలుతో తుడిచాను. మరీ తెరేజ్ సమాధి అక్కడ లేదు. 1814 ఆగస్టులో పోయినప్పుడు ఊళ్ళోని పాత గుడి ఆవరణలో పెట్టారు, అది ఇప్పుడు నది ఒడ్డున గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద కమాను పక్కన ఉన్న పాత కెథీడ్రల్ చోటు. ఆనవాలు పోయింది. తిరుగుదారిలో అక్కడ కారాపి, గోడ పక్కన కాసేపు నిలబడి వచ్చాను.

ఆ రాత్రి ఇండియాలో తెల్లారే వేళ చూసి బాపట్లలో మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఎనభై ఆరేళ్ళు. మేనరికపు ఇల్లు కదా, అమ్మ వైపైనా ఆవిడకి నాన్నగారి ఊరు, ఇళ్ళు, గోడలు అన్నీ తెలుసు.

"పెద్దమ్మా, నాన్న వాళ్ళ తాతగారి అమ్మ పేరేమిటి?"

"ఎందుకే ఇప్పుడు?"

"రాసుకుందామని. పుస్తకంలో లేదు."

కాసేపు ఏమీ అనలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. అవతల కుక్కర్ విజిల్ వినిపించింది.

"మా అమ్మ చెప్పేది. దొడ్లో బావి తవ్వించింది ఆవిడేనట. ఆగు, చెప్తా."

పేరు చెప్పింది. నేను పెన్సిల్‌తో నాన్న పుస్తకంలో రెండో వరస పక్కన రాశాను, దాని పక్కనే పెద్దమ్మ చెప్పిందనీ, తారీకూ వేశాను. పుట్టింటి ఇంటిపేరు అడిగితే చీరాల వైపు వాళ్ళని తెలుసుగానీ పేరు నోట్లో ఉండి రావట్లేదంది. మధ్యాహ్నం పడుకుని లేస్తే గుర్తొస్తుంది, ఆదివారం చెయ్యి అంది.